ఆవణి దాకా ఆగిన కొలువు

రాహుకాలం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు వదులుతుందో తెలుసుకోవడానికి ఆ కచేరీలో పంచాంగం అక్కర్లేదు. బిళ్ళబంట్రోతు దొరస్వామి ఉంటే చాలు. పెద్ద అధికారి కృష్ణస్వామయ్యంగారు నొసట నిలువు నామంతో, ఇస్త్రీ కోటుతో కూర్చుని, ఏ కాగితం మీద సంతకం చెయ్యాలన్నా ముందు తలుపు వైపు చూసేవారు.

"పోయిందా దొరస్వామీ?"

"ఇంకా ఉండాది సామీ."

అయ్యంగారు కలం కింద పెట్టేసేవారు. అర్జీలు పట్టుకుని పలమనేరు నుంచీ పుంగనూరు నుంచీ వచ్చినవాళ్ళు బయట ఎండలో కాచుకునేవాళ్ళు. ట్రెజరీ దగ్గర గంట మోగాక దొరస్వామి తల లోపలికి పెట్టి, "పాయె సామీ" అంటే, అప్పుడు కలం కదిలేది. చిత్తూరులో ఆ తలుపు దగ్గర నిలబడి నిలబడి దొరస్వామికి మోకాళ్ళు అరిగిపోయాయి. యుద్ధం ముగిసిన రెండేళ్ళకు అతని ఉద్యోగం కూడా ముగింపుకొచ్చింది. ఇక నెలనెలా పించను వస్తుంది, తానూ పెళ్ళాం గురవమ్మా ఒకరి ముందు చెయ్యి చాపకుండా గడిపేస్తామని అతని ధీమా.

మద్రాసుకు పంపిన పించను కాగితం తిరిగొచ్చింది. గుమాస్తా మునిరామయ్య అతన్ని పక్కకు పిలిచాడు.

"అబ్బా దొరస్వామీ, అడివి కొలువు వదిలిన దినానికీ, ఈడ చేరిన దినానికీ నడాన తెంపు ఉందంట. కాబట్టి ముందరి సర్వీసు లెక్కకు రాదంట."

"రాదంటే?"

"రాదంటే లేనట్టే. ఈడ చేసింది ఒక్కటే పించనుకు చాలదు. ఒకేసారి ఇంతని చేతిలో పెట్టి పంపించేస్తారు."

దొరస్వామి, "మామండూరు అడివిలో నేను కాసిన చెట్లు ఎవురివి రామయ్యా? మా నాయనవా? అవీ సర్కారువే గదా" అన్నాడు.

అడవిగార్డుగా అతని వయసంతా ఆ చెట్ల కిందనే కరిగింది. చలిజ్వరం పట్టని ఏడాది లేదు. పెద్దకొడుకును ఆ జ్వరమే తీసుకుపోయింది. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన రోజున గురవమ్మ కొండ వైపు తిరిగి, "సామీ, ఈ అడివి నించి మమ్మల్ని బయటేస్తే ఈయన తల నీకిస్తా" అని మొక్కుకుంది. ఎన్ని అర్జీలు పెట్టుకున్నాడో, చివరికి చిత్తూరు కచేరీకి ఆర్డరు వచ్చింది. వచ్చింది ఆడి నెలలో, అరవవాళ్ళ ఆషాఢంలో. అడవి ఆఫీసువాళ్ళు ఆ వారమే అతన్ని విడిచిపెట్టేశారు.

గురవమ్మ వాకిట్లో అడ్డం కూర్చుంది. "కొత్తగా పెండ్లయిన మొగుడూపెండ్లామే ఆడిలో ఒకచోట ఉండరాదంటారే, కొత్త కొలువులో నువ్వెట్ట కాలు పెడతావయ్యా? ఒక బిడ్డను పోగొట్టుకున్నేది చాలదా?"

చాలదా అన్న మాట దగ్గర దొరస్వామి ఓడిపోయాడు. అయినా తనంతట తాను ఆగలేదు. చిత్తూరుకు బస్సెక్కి వచ్చి, అప్పటి హెడ్డు గుమాస్తాను అడిగాడు. ఆయన పక్కుమని నవ్వి, "ఆడి పోయి ఆవణి పుట్టినాకనే రా అబ్బా. నీ కుర్చీ యాడికీ పోదు. అయినా నీకు కుర్చీ యాడిది, నిలబడేదే గదా!" అన్నాడు. అందరూ నవ్వారు. దొరస్వామీ నవ్వాడు. ఆయన నోటితో అన్న మాట కాగితం మీద పెట్టించుకోవాలని అతనికి తోచలేదు. ఆడిలో మిగిలిన రోజుల్లో కొండకు నడిచి ఎక్కి, తల ఇచ్చి, ఆవణి పుట్టగానే బోడిగుండుతో వచ్చి బిళ్ళ ఉన్న డవాలు పట్టీ భుజాన వేసుకున్నాడు. ఆ హెడ్డు గుమాస్తా పోయి ఇప్పటికి ఎన్నో ఏళ్ళయింది.

"ఒక దోవ ఉండాది" అన్నాడు మునిరామయ్య. "ఆ తెంపును మన్నించమని మన అయ్యంగారు సిఫారసు రాస్తే మద్రాసువాళ్ళు వింటారు. కారణం మటుకు గట్టిది ఉండాల. జొరమొచ్చి పడిపోయినానని రాసేస్తా. అడివిలో చేసినోడికి జొరమంటే ఎవురు కాదంటారు?"

"వొద్దు రామయ్యా. దేవుడి కాడికి పోయొచ్చినదాన్ని జొరమని యెట్ట రాసేది? ఉన్నదున్నట్టే రాయి."

"సెప్తే ఇనవు గదా నువ్వు!"

"అయ్యంగారికి తెలవదా ఏం? దినం మంచిదో కాదో సూడకుండా సంతకం పెట్టే మనిషా ఆయన? ఆయనకు అర్థం కాకపోతే ఇంగెవురికి అర్థమయ్యేది?"

మునిరామయ్య అతని మొహం చూసి, ఇక వాదించకుండా ఉన్నదున్నట్టే రాశాడు.

ఆ అర్జీ అయ్యంగారి బల్ల మీదికి వెళ్ళింది ఒక శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం పట్టింది. దొరస్వామి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల కాగితాల కట్టలో పైన ఉన్నది తనదేనని అతనికి తెలుసు. అయ్యంగారు దాన్ని ఒకసారి చదివి, పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. తన కాగితానికి చెడ్డ ఘడియ తగలకూడదనే ఆగారని దొరస్వామికి గుండె నిండిపోయింది.

పన్నెండు కొట్టారు.

"పోయిందా దొరస్వామీ?"

"పాయె సామీ." ఆ మాట అతను అంత ప్రేమగా ఎప్పుడూ అని ఉండడు.

అయ్యంగారు నాలుగు ముక్కలు రాసి సంతకం చేశారు. కట్ట తీసుకుని దొరస్వామి దాదాపు పరుగెత్తాడు. మునిరామయ్య చదివి, ఇంగ్లీషు ముక్కలను మెల్లగా తెలుగు చేశాడు.

"'మంచి దినం కోసం ఉద్యోగంలో చేరకుండా ఉండటం తగిన కారణం కాదు. సర్కారు పనిలో ఇట్టాంటి నమ్మకాలకు చోటు లేదు. సిఫారసు చెయ్యను.'"

దొరస్వామి డవాలు సవరించుకున్నాడు. "ఇంగోసారి సదువు" అన్నాడు. లోపల నుంచి గంట మోగింది. అయ్యంగారికి మంచినీళ్ళు కావాలి. దొరస్వామి వెళ్ళి ఇచ్చి వచ్చాడు.

ఆ సాయంత్రం గురవమ్మ రాగిసంగటి ముందు పెట్టి, "ఏమన్న్యాడు ఆ సామి?" అంది.

"నువ్వే గదమే ఆడీ ఆడీ అన్నింది. నీ ఆడి నా అడివినంతా మింగేసింది."

"నేనన్న్యాలే. చేరొద్దని నిన్ను గుంజకు కట్టేసినానా?" అని లేచిన గొంతు అక్కడే ఆగిపోయింది. ఆమె సంగటి వైపు చూస్తూ, "జొరమని రాసుంటే ఏం పోయుండె?" అంది.

ఆ మాట ఇంకెవరు అన్నా తట్టుకునేవాడు. తల మొక్కుకున్న మనిషే అనేసరికి దొరస్వామి ముద్ద వదిలేసి లేచాడు.

డవాలు అప్పగించిన తర్వాత సర్కారు చేతిలో పెట్టిన డబ్బు రెండు వానాకాలాలు కూడా నిలవలేదు. అప్పుడు మునస్వామి మొదలి బెల్లం మండీలో కాపలాపని ఉందని విని వెళ్ళి అడిగాడు. మొదలి సరేనన్నాడు. సోమవారం పొద్దున ఏడున్నర దాటాక దొరస్వామి తలగుడ్డ చుట్టుకున్నాడు. గురవమ్మ తలుపు దగ్గరికి వచ్చి నోరు తెరిచింది. రాహుకాలమని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. ఆమె నోరు మూసుకుంది. అతను దిగి నడిచాడు.

మండీ తలుపు వేసే ఉంది. అరుగు మీద మొదలి తాళంచెవి ఒళ్ళో పెట్టుకుని తాంబూలం నములుతున్నాడు.

"ఏమప్పా, అంత తొందర? కూసో. రాహుకాలం పోనీ, తెరుస్తా. మొదటి దినం గదా నీకు."

దొరస్వామి నిలబడే ఉన్నాడు.

"ఈ కూసున్నేది కూలిలో కోసేస్తావా మొదలీ?"

మొదలికి అర్థం కాలేదు. "ఏం మనిషప్పా నువ్వు! ఇంతదానికి కోస్తారా ఎవురన్నా?" అన్నాడు.

"కోస్తారు" అన్నాడు దొరస్వామి, అరుగు చివర గోతాం దులిపి కూర్చుంటూ.