బి సెక్షన్‌లో చూపించిన వీడియో

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఇంట్లో చెప్పలేదు. దేవుడి ముందు కూడా తిన్నగా చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. చిన్న చిన్న వీడియోలు సౌండ్ తీసేసి చూపించి, అందులోని మనుషులకు మీరే మాటలు పెట్టండి అనేదాన్ని. అలా మాట్లాడేటప్పుడు ఫోన్లో తీసి, వాళ్లకే చూపించి తప్పులు దిద్దేదాన్ని. ఆ వీడియోలు ఈ గది దాటి బయటకు పోవని పిల్లలకు మాట ఇచ్చాను.

రూతు అనుకోండి, ఆ పిల్ల పేరు. చిల్లకల్లు నుంచి బస్సులో వచ్చేది. తండ్రి మిరపచేలల్లో కూలీ. తొమ్మిదో తరగతి ఏ సెక్షన్. ఎప్పుడూ నోరెత్తని పిల్ల ఒకరోజు తనంతట తనే లేచింది. తెరమీద ఒక తల్లి పిల్లలకు పళ్లెం అందిస్తోంది. రూతు ఆ తల్లికి గొంతు ఇచ్చింది. "కమ్, ఈట్ స్నేక్స్." స్నాక్స్ అనబోయి పాములు తినమంది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. అక్కడితో అయిపోవాల్సింది.

మర్నాడు బి సెక్షన్‌లో ఎవరూ వినడం లేదు. రూతు వీడియో పెట్టాను. గది దద్దరిల్లింది. మళ్లీ పెట్టమన్నారు. పెట్టాను. తప్పు దిద్దడానికే చూపించానని ఎన్నాళ్లో నాకు నేను చెప్పుకున్నాను. అయితే రెండోసారి ఎందుకు? ఆ నవ్వులో నేను మంచి టీచర్ని అనిపించింది. అంతే.

బస్సులో ఆ పిల్లను చూసి బుసకొట్టడం మొదలుపెట్టారట. తండ్రి రూతును వెంటబెట్టుకుని స్కూలుకు వచ్చాడు.

"మా పిల్ల వీడియో మీరే చూపించారంటందండి. నిజమేనా అమ్మా?"

రూతు నా ముఖంలోకే చూస్తోంది.

"నేనెందుకు చూపిస్తానండి? పిల్లలెవరో నా ఫోన్ తీసుంటారు."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "చూసావా? టీచరుగారి మీద అట్టా చెప్పొచ్చా?" మళ్లీ నాతో, "ఏమనుకోకండమ్మా. చిన్నపిల్ల" అన్నాడు.

రూతు తల దించుకుంది. కొన్నాళ్లకు బడి మానేసింది. ఖాళీ అయిన ఆ చోటు చూసి నాకు బాధ కలిగిందని రాయాలని ఉంది. కానీ ముందు కలిగింది బాధ కాదు, హమ్మయ్య అనిపించింది.

నిరుడు జగ్గయ్యపేటలో ఒక బట్టల కొట్లో కనిపించింది. చెప్పేయాలనే లోపలికి వెళ్లాను. "ఏం చూపించమంటారండి?" అంది. గుర్తుపట్టిందో లేదో ఆ ముఖం చూసి తెలుసుకోలేకపోయాను. జాకెట్టు గుడ్డ కొనుక్కుని బయటికొచ్చేశాను. మళ్లీ వెళ్లే ధైర్యం నాకు రాదు. ఈ వయసులో నన్ను నేను ఆ మాత్రం ఎరుగుదును.

ఆ పిల్ల తండ్రికి నిజమే చెప్పింది. అబద్ధమాడింది నేను. ఇది రాసినంత మాత్రాన తనకు ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. అది కూడా న్యాయం కాదేమో.