చుక్కి ఎక్కని ఓడ

మా చిన్నప్పుడు... అమ్మ జొన్నలు విసరడానికి కూర్చునే ముందు ఒక గుప్పెడు తీసి మూలనున్న గురిగిలో పోసేది. గురిగి అంటే చిన్న మట్టికుండ. ఇది టైపు చేస్తున్న మా మనవరాలికే తెలియదట, అందుకని చెబుతున్నా.

ఆ గుప్పెడు మాది కాదు. "గది దూరదేశపోళ్లది" అనేది అమ్మ.

మాది పెద్దమందడి దగ్గర చిన్న ఊరు. నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులు. వానలు మొహం చాటేసిన ఏడు మాకు రెండు పూటలా అంబలే... అయినా ఆ గురిగి జోలికి ఎవరూ పోకూడదు! నాకేమో ఒకటే తికమక. ఎవరు వాళ్ళు? వాళ్ళకు జొన్నలు పండవా? మా జొన్నలు అంత దూరం ఎట్లా పోతాయి?

అడిగితే అమ్మ కసిరేది. "నీకెందుకే? దేవుని పనది!" అంతే. ఇంకో మాట లేదు.

ఆ ఏడు పాస్టరుగారు చర్చిలో చెప్పారు... మన తెలుగువాళ్ళలోంచే ఒక కుటుంబం ఓడెక్కి సముద్రం అవతలి దేశానికి వెళ్తోందని. అక్కడ దేవుని మాట చెప్పేవాళ్ళు లేరట, జబ్బు పడితే దవాఖాన లేదట. వాళ్ళను పంపడానికి కోతపండుగ నాడు ఇంటికొక కానుక తేవాలన్నారు.

అమ్మ లేచి నిలబడింది. నన్ను ఒక్క మాట అడగకుండా, "మా చుక్కినిస్తమయ్యా" అనేసింది.

చుక్కి నా కోడిపెట్ట! ఒళ్ళంతా తెల్లచుక్కలు. పిల్లగా ఉన్నప్పుడు గద్ద కాళ్ళలోంచి జారి మా వాకిట్లో పడితే పసుపు అద్ది బతికించుకున్నాను. నా చేతిలో గింజలు తింటే తప్ప దానికి కడుపు నిండేది కాదు.

ఏడ్చాను. ముద్ద ముట్టలేదు. అమ్మ కసిరి ఊరుకుంటుందనుకున్నా గానీ, ఆ రోజు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"పోయినేడు నీకు జరమొచ్చి కండ్లు తేలేసినవ్, యాదికున్నదా? మిషన్ దవాఖానల దొరసానమ్మ మందిస్తే బతికినవ్. ఆ దేశంల పిల్లలకు గట్ల మందిచ్చేటోళ్లు లేరంట. జర ఆలోచన జెయ్యి బిడ్డా."

ఆలోచన చేశాను. నా చిన్నబుర్రకు తట్టిందేమిటంటే... చుక్కి ఓడెక్కి వెళ్తుంది. అక్కడ గుడ్లు పెడుతుంది. జ్వరం తగ్గిన పిల్లలు అవి తిని లేచి తిరుగుతారు. సరే, ఇవ్వాల్సిందే అనుకున్నా. నా జడకు కట్టుకునే ఎర్ర రిబ్బను చింపి దాని కాలికి కట్టాను. నేను పంపినట్టు ఆ పిల్లలకు తెలియాలి కదా... నవ్వకండి!

కోతపండుగ వచ్చింది. చర్చి ముందు చాపల మీద గుమ్మడికాయలు, పల్లికాయలు, జొన్నకంకులు, ఒక మేకపిల్ల. వేలం మొదలైంది. ఒకాయన గుమ్మడికాయ పాడుకుని మళ్ళీ చర్చికే ఇచ్చేస్తే దాన్నే మళ్ళీ వేలం వేశారు! మా గురిగిలో జొన్నలు మా ఇంట్లోనే ఉండే పెదనాన్న పాడుకున్నాడు. అంటే మా జొన్నలు మా ఇంటికే... నా తల గిర్రున తిరిగింది. ఇంతకీ ఇవన్నీ ఓడ ఎక్కేదెప్పుడు?

చుక్కి వంతు వచ్చింది. పాడుకున్నది ఖాసీం తాత. ఊరూరా తిరిగి కోళ్ళు కొని పెబ్బేరు సంతలో అమ్ముకునే మనిషి. చుక్కి కాళ్ళు కట్టి గంపలో పెట్టుకున్నాడు.

ఇక ఆగలేకపోయాను. లేచి అరిచాను.

"అయ్యగారూ! ఖాసీం తాత పెబ్బేరుకు వోతడు గదా! దూరదేశమంటే పెబ్బేరేనా?"

జనమంతా గొల్లుమన్నారు. పాస్టరుగారు కూడా! "పరేషాన్ గాకు బేటీ, మంచోళ్లకే ఇస్త" అన్నాడు ఖాసీం తాత. నాకు కావలసింది అది కాదు. నా చుక్కి ఎటు పోతోందో నాకు తెలియాలి, అంతే.

నవ్వనిది పండుగకు వచ్చిన మిషన్ దవాఖాన దొరసానమ్మ ఒక్కతే. నన్ను పక్కకు పిలిచి, పుస్తకం చదివినట్టుండే తన తెలుగులో మెల్లగా చెప్పింది. "కోడి ఇక్కడనే ఉండును. దాని వెల ఓడ ఎక్కును. నా దేశములో పిల్లలు కూడ తమ కోళ్లను ఇచ్చిరి. ఆ వెలతోనే మందులు కొని నన్ను ఇక్కడికి పంపిరి. నీవు త్రాగిన మందు అదియే."

"అయితే... దూరదేశమంటే మాదేనా?"

"వారికి, అవును."

ఇదేం చోద్యం! మా ఊరు దూరమెట్లా అవుతుంది? ఇక్కడే, నా కాళ్ళ కిందే ఉంది కదా!

చుక్కిని తెచ్చిన మా గంప ఖాళీగా పట్టుకుని అమ్మా నేనూ ఇంటిదారి పట్టాం. కొంత దూరం నడిచాక అడిగాను.

"అమ్మా... నా మందుకు కోడినిచ్చిన పిల్ల గూడ ఏడ్సిందా?"

అమ్మ ఆగిపోయింది. ఎప్పుడూ కసిరే మనిషి అప్పుడు కసరలేదు. "నాకేం ఎరుక బిడ్డా... ఏడ్సే ఉంటది" అంటూ కొంగుతో నా మొహం తుడిచింది. తర్వాత తన మొహం తుడుచుకుంది.

మొన్న ఆదివారం మా చర్చిలో మళ్ళీ మిషన్ కానుక అన్నారు. మనవరాలు ఫోను తీసి గోడ మీదున్న గళ్ళబొమ్మకు చూపించి, "పోయింది నాయనమ్మా" అంది. ఎక్కడికే, ఎవరికే అంటే దానికీ తెలియదు! మంచిదే, మందులు తొందరగా అందుతాయి, నేను కాదనను. కానీ ఎవరి కాలికీ ఎర్ర పీలిక లేదు, ఎవరి కళ్ళూ తడవలేదు... ఇది నయమో అది నయమో ఇన్నేళ్ళొచ్చినా నాకు తేలడం లేదు.

మీ ఇళ్ళల్లో కూడా ఏడుస్తూ ఇచ్చిన కోడో, మేకపిల్లో ఉంటే కింద రాయండి. దాని పేరు కూడా రాయండి... నాకోసం ఎవరో ఇచ్చిన ఆ కోడి పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.