ఇంటికొచ్చే సిరా

ఓటంటే ఇంట్లో కూర్చుని వేలు చాపడమేనని బట్టలు కుట్టే మిషనక్క ఏళ్ల తరబడి సర్దుకుపోయింది. పోలింగు ముగిసే వేళకు బావగారు బూత్‌లోంచి సిరా సీసా పట్టుకొని ఇంటికొచ్చేవాడు. అత్తగారు, తోడికోడళ్లు, మిషనక్క అందరూ ఎడమచేతి వేళ్లు చాపేవారు. పుల్లతో గీత గీసి, "అయిపోయింది, ఇక మీ పని చూసుకోండి" అనేవాడు. ఒకసారి సిరా కారి, ఎవరిదో తెల్ల జాకెట్టు మిషను మీదే పాడైపోయింది. ఆమె నోరెత్తకుండా కొత్త గుడ్డ తెచ్చి మళ్లీ కుట్టింది.

మిట్ట వీధిలో ఉండేదంతా ఒకే తెగ. తెగపెద్ద చూపిన గుర్తుకే ఓటు. ఆడవాళ్ల ఓట్లూ మగవాళ్లే గుద్దేస్తారు. అందుకే అక్కడ పోలింగు ఎప్పుడూ నూటికి తొంభై దాటుతుంది. పేపర్లేమో 'చైతన్యం' అంటాయి. వాగు దిగువన పల్లపు వీధిలో నలుగురిలో ఒక్కరు కదిలితే గొప్ప. బూత్ ఉండేది మిట్ట మీద, తెగపెద్ద గోదాములో. ఎండలో ఎక్కి వెళితే లైన్లో వెకిలి నవ్వులు. మిషనక్క పుట్టిల్లు ఆ పల్లపు వీధే.

ఈసారి ఎన్నికల్లో పల్లపు వీధిలో కాన్పులు చేసే నర్సమ్మ పోటీకి నిలబడింది. మిషనక్క కాన్పులో బిడ్డ అడ్డం తిరిగితే, పొంగే వాగు దాటి వచ్చి ఇద్దరినీ బతికించిన మనిషి. ఊళ్లో మూతపడ్డ కాన్పుల గది తెరిపిస్తానని ఆమె మాట. ఆ రోజు పుట్టిన కూతురికే ఇప్పుడు నెలలు నిండుతున్నాయి.

పోలింగు నాడు మిషనక్క ముందు టీకొట్టు దగ్గరున్న అన్నను కదిపింది.

"రా అన్నయ్యా, నలుగుర్నీ వెంటబెట్టుకు రా."

"నువ్వు మిట్ట కోడలివి, నీకేం. మేమొస్తే పని పాడు, పైగా తిట్లు."

"వాళ్లకి ఓట్లు పడుతున్నాయి, నీకు తిట్లు పడుతున్నాయి. అందుకే రమ్మంటున్నా."

అతను ఇంకో టీ చెప్పాడు.

ఒంటరిగానే వెళ్లింది. బూత్‌లో తెగపెద్ద తరఫు ఏజెంటు బావగారే. నర్సమ్మ తరఫు కుర్చీ ఖాళీ.

"నువ్వెందుకొచ్చావమ్మాయ్? సిరా నేనే తెస్తాగా" అన్నాడు బావగారు, సంత నుంచి ఉప్పు తెస్తానన్నంత తేలిగ్గా.

"నా ఓటు నేనేసుకుంటా బావగారూ."

అధికారి జాబితా చూసి, "మీ ఓటు పడిపోయిందమ్మా" అన్నాడు.

"పడితే నా వేలికి సిరా ఏదండీ?" అంటూ చెయ్యి చాపింది.

అధికారి ఆ వేలు చూశాడు. బావగారి వైపు చూశాడు. ఆమె చెయ్యి దగ్గరకు లాక్కుని, గోరంతా నిండేలా సిరా పూశాడు.

"ఇప్పుడు సరిపోయింది. వెళ్లిరండి."

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు.

నర్సమ్మ ఓడిపోయింది. పల్లపు వీధిలో ఇల్లు కదలనివాళ్లలో సగం మంది వచ్చినా గెలిచేదే. ఎక్కువ పోలింగు జరిగిందని మిట్ట వీధికి సన్మానం చేశారు. కాన్పుల గది తాళం ఊడలేదు. పట్నం ఆసుపత్రికి వెళ్లే దారిలో, జీపులోనే, కూతురికి కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. పరామర్శకు వచ్చిన బావగారు, "మన చేతుల్లో ఏముందమ్మా" అన్నాడు. మిషనక్క అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయింది.

చదివిన మీకు నా మనవి. పోలింగు శాతం చూసి చప్పట్లు కొట్టకండి; ఆ ఇళ్లలోని ఆడవాళ్లు బూత్ గడప తొక్కారా అని అడగండి. టీకొట్టు దగ్గర కూర్చున్న మీ అన్నదమ్ముల్ని రెక్క పట్టుకు లేపండి. వచ్చే ఎన్నికల్లో ఒక్కరోజు పని మానుకుని ఇలాంటి బూత్‌లో ఏజెంటుగా కూర్చోండి. అధికారి తలెత్తి చూసినప్పుడు అతనికి బావగారు ఒక్కడే కనబడకూడదు.