సొరుగు బయటుండగానే

బాలకుమారిగారు రెక్కలు విప్పిన ఇంటిని నడిపారు. వంటగదీ, మంచమూ, లోపల పరీక్ష రాస్తున్న ఆడపిల్లా, అన్నిటితో సహా 401 హైవే ఎక్కించి, మాంట్రియల్ దాకా తిప్పి, సాయంత్రం ప్రార్థన వేళకి తెచ్చి మిస్సిసాగాలో తమ వాకిట్లో పెట్టేశారు. పిల్ల చెయ్యి ఆగలేదు, కప్పులో టీ తొణకలేదు. దారిలో గద్దలు పక్కకి ఒదిగి దారిచ్చాయనే మాటకి మాత్రం ఎవరూ ఒట్టు వెయ్యరు.

నరసాపురం నుంచి వచ్చిన ఆవిడ ఇరవై రెండేళ్లుగా కెనడాలో ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తున్నారు. ముసలివాళ్ల నిద్ర చెడకుండా మంచాన్ని ఈ గదిలోంచి ఆ గదిలోకి జరపడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. భర్త పీటర్‌గారు ఓక్‌విల్ ఫ్యాక్టరీలో కార్లు బిగించీ బిగించీ రిటైరై, ఆ సంబరంలో పాత ఆర్‌వీ కొన్నారు. అది ఇల్లూ బండీ కలిపి ఒకటి. ఆగాక మీట నొక్కితే దాని పక్కగోడ బల్లా బెంచీలతో సహా అల్మారా సొరుగులా బయటికి జరుగుతుంది. బండి కదిపేముందు సొరుగు మూసెయ్యాలి. దేశమంతా చుట్టేస్తామన్న పీటర్‌గారు రెండుసార్లు నయాగరా చూసొచ్చి, ఇక చాలన్నారు.

2023 వేసవికి ఊళ్లో బేస్‌మెంట్లన్నీ స్టూడెంట్లతో కిక్కిరిసిపోయాయి. ఏడుగురున్న గదిలో చోటు చాలక బస్‌స్టాపులో పెట్టెమీద కూర్చున్న కర్నూలు పిల్ల అమృతని బాలకుమారిగారు వెంటబెట్టుకొచ్చి, ఆ ఆర్‌వీలో ఉండమన్నారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం సిటీ ఆఫీసరు తలుపు తట్టాడు. గ్యారేజీలోంచి గడ్డి కోసే మిషను తీసేందుకని పీటర్‌గారు ముందుకి జరిపిన ఆర్‌వీ, ముక్కు ఫుట్‌పాత్ మీద పెట్టుకుని నిలబడి ఉంది. మూడింటికల్లా వెనక్కి పెట్టకపోతే టో ట్రక్ వస్తుందన్నాడు. వాకిట్లో బండిలో కాపురముంటే సిటీ ఒప్పుకోదు, కానీ లోపల ఎవరైనా ఉంటున్నారా అని అతను అడగలేదు. అడిగితే అబద్ధం ఆడలేని బాలకుమారిగారు దేవుడికి లోలోపలే స్తోత్రం చెప్పుకున్నారు.

అప్పటికి రెండున్నర. అమృత ఆ సొరుగులోనే బల్ల దగ్గర కూర్చుని కెమెరా ముందు ఆన్‌లైన్ పరీక్ష రాస్తోంది. మూడున్నర దాకా లేవకూడదు, పక్కన మనిషి గొంతు వినపడకూడదు. వినపడితే పేపరు రద్దు. ఆ సబ్జెక్టు అప్పటికే ఒకసారి పోయింది. మళ్లీ పోతే కాలేజీలో సీటు పోతుంది, ఆ వెనకే దేశంలో ఉండనిచ్చే స్టడీ పర్మిట్. సొరుగు మూయాలంటే పిల్ల లేవాలి. మూయకుండా కదిపితే సొరుగు విరగొచ్చు. ఊరుకుంటే ట్రక్కు వచ్చి పిల్లతో సహా ఈడ్చుకుపోతుంది.

"సొరుగు బయటుండగా కదపొద్దని బుక్కులో ఎర్రక్షరాలతో రాశాడు కుమారీ," అన్నారు పీటర్‌గారు. "ఫ్రేము వంగిందంటే ఆ గది లోపలికీ పోదు, బయటికీ రాదు."

"బుక్కు రాసినవాడు పరీక్ష రాయట్లేదు కదండీ."

ఆవిడ వాకిలి చుట్టూ ఒకసారి నడిచారు. నేల చదునుగానే ఉంది. సొరుగుకీ పక్కింటి కంచెకీ మధ్య జానెడు సందుంది. మంచం జరిపేముందు కూడా ఆవిడ ఇలాగే నడుస్తారు. చక్రం, గడప, మూల చూసుకుంటారు. పాత బండి కాబట్టి సొరుగు తెరిచున్నా ఇంజిన్ స్టార్టవుతుంది. ఎక్కేముందు చెప్పులు విప్పేశారు. పెడల్ కాలికి తెలియాలి.

పీటర్‌గారు ఇంట్లోంచి బండికి వెళ్లే కరెంటు వైరుని చీర కుచ్చిళ్లలా రెండు చేతులా ఎత్తిపట్టుకుని వెనక నిలబడ్డారు. ఆవిడ మాట్లాడకుండా తాళం తిప్పి రివర్సు గేరు వేశారు. గ్యాస్ తొక్కనేలేదు. బ్రేకు మీద బొటనవేలు కొద్దిగా సడలిస్తే బండి దానంతట అదే వెనక్కి పాకింది. సొరుగు ఒకసారి కిర్రుమంది. అద్దంలో పీటర్‌గారు కళ్లు మూసుకోవడం కనపడింది. కంచెకి రాసుకోలేదు, గోడకి తగల్లేదు. ఫుట్‌పాత్ ఖాళీ అయింది.

లోపల అమృతకి తల ఎత్తకుండానే కిటికీలో పక్కింటి చెట్టు నడిచిపోయినట్టనిపించింది. పరీక్ష భయమనుకుని రాస్తూ పోయింది. మూడింటికి ఆఫీసరు కారులోంచే చూసి వెళ్లిపోయాడు. మూడున్నరకి మీట నొక్కితే సొరుగు మూలుగుతూ లోపలికొచ్చింది. ఇప్పటికీ మూలుగుతుంది. పిల్ల పాసైంది.

ఆ కబురు చర్చి భోజనాల్లో ప్రతి ఆదివారం కొన్ని కిలోమీటర్లు పెరిగింది. పీటర్‌గారే దారిలోని కింగ్‌స్టన్ ఊరు దాటించారు. మాంట్రియల్ చేర్చింది చర్చి స్నేహితుడు రామ్మోహన్. మొన్న ఆయన గద్దల దగ్గరికి వచ్చేసరికి, పప్పు వడ్డిస్తున్న బాలకుమారిగారు గరిటె ఆపకుండా అన్నారు:

"నాలుగడుగులు. అదీ వెనక్కి. టీ కూడా ఒలికింది."