గేటు తాత

మా తాత కంచరపాలెంలో రైల్వే గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మంచంలో పడ్డాక ఓరోజు, "నాను బతికి ఏటి సేసాన్రా? గేటెయ్యడం, తియ్యడం," అన్నాడు.

"ఊరందరి తిట్లూ తిన్నావు కదా తాతా," అన్నాను. నవ్వాడు. ఆ వారమే పోయాడు.

పాడె మోసుకెళ్తుంటే అదే గేటు పడింది. "తాత ఇంకా డ్యూటీలోనే ఉన్నట్టున్నాడు," అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను.

పక్కన ఆగిన ఆటో డ్రైవర్ దిగొచ్చాడు. "గేటు తాతేనా బావా? సిన్నప్పుడు గేటు కింద నుంచి దూరిపోతంటే కాలర్ పట్టుకుని ఆపీవోడు. నాను తిట్టినన్ని తిట్లు ఎవులూ తిట్టనేదు," అంటూ పాడెకి భుజం పట్టాడు.

రైలు వెళ్ళి గేటు లేచింది. వెనక అన్ని బళ్ళున్నా ఒక్క హారన్ మోగలేదు.

తాత అడిగినదానికి జోకు కాని జవాబు అప్పుడు దొరికింది. వినాల్సినవాడు మా భుజాల మీద ఉన్నాడు.