సువార్తత్తతో వంతెన దాటిన రోజులు

మా నగరంలో కొత్త రైలు వంతెన పక్కనే నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఒక బాట వేశారు. నిన్న ఉదయం దాని మీద సైకిలు తొక్కుతుంటే రైలు వచ్చింది. ఆ అదురు హ్యాండిల్‌లోంచి అరచేతుల్లోకి పాకగానే బ్రేకు పట్టి దిగిపోయాను. సువార్తత్త పక్కనే నిలబడినట్టనిపించింది.

సువార్తమ్మ మా ఊరి నర్సు. చుట్టం కాకపోయినా నేను అత్తా అనేదాన్ని. కంభం దగ్గర మా ఊరికీ హైస్కూలుకీ నడుమ వాగు. వానాకాలం అది పారితే అవతలికి దారి రైలు వంతెన ఒక్కటే. పట్టాల పక్కన, వంతెన అంచు కమ్మీల వెంట, మనిషీ సైకిలూ పట్టేంత సన్నటి బాట ఉండేది. నా ఏడో తరగతి కాగానే నాయన చదువు మాన్పించబోయాడు. "ఆడపిల్ల ఆ బ్రిడ్జి మింద యాడ పోతాది? చదివిన కాడికి చాల్లే" అన్నాడు. టీకాలు వేయడానికి వచ్చిన సువార్తత్త ఆ మాట విన్నది.

"నేను దినామూ అవతల ఆస్పత్రికి పోతాండా గదన్నా. నాతో పంపు. నేను దాటలేని దినం దాన్నీ దాటనీను."

మా ఇళ్లలో ఆమెను అరుగు దాకానే రానిచ్చేవాళ్లు. ఆమె మాట మాత్రం లోపలిదాకా వెళ్లింది. అమ్మ గడప దగ్గరికొచ్చి, "పంపుదాం" అన్నది.

మొదటి రోజు వంతెన నడుమకు చేరామో లేదో వెనక గూడ్సు కూత వేసింది. కాళ్ల కింద రేకులు వణికాయి. నేను కమ్మీ పట్టుకుని ఏడుపందుకున్నాను. ఆమె తన సైకిలు కమ్మీకి ఆనించి, నాకూ పట్టాలకూ మధ్య వచ్చి నిలబడింది. డెట్టాలు వాసనేసే తెల్లచీర కొంగు గాలికి నా ముఖాన కొట్టుకుంది.

"బయమైతే ఏడువమ్మీ. ఏడ్సుకుంటానే నడువు" అన్నది. అట్లాగే నడిచాను. తర్వాత తన సైకిలు మీదే నాకు తొక్కడం నేర్పింది.

నేను పదిలో ఉండగా ఆమెకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. చివరి రోజు వంతెన మొదట్లోనే ఆగిపోయింది. "ఈ పొద్దు నువ్వొక్కదానివే పో. నేనీడ నిలబడి చూస్తాంటా." అవతలికి చేరి వెనక్కి తిరిగాను. చెయ్యి ఊపుతోంది. దూరానికి ముఖం ఆనలేదు. ఆమెను చూడటం అదే ఆఖరు.

ఉద్యోగం వచ్చాక మిఠాయి పొట్లంతో అర్ధవీడులో ఆమె పుట్టింటికి వెళ్లాను. ఊరి పేరు చెప్పగానే ఆమె చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "బ్రిడ్జి పాపవా? అక్క నిన్ను తలవని దినం లేదమ్మా. పోయిన వానల్లోనే పోయినాది."

ఇప్పటికీ ఏ మంచి జరిగినా మొదట ఆమెకే చెప్పాలనిపిస్తుంది. మా అమ్మాయి పుట్టినప్పుడూ అంతే. "అత్తా, ఇట్ల జరిగినాది" అని మా ఊరి మాటలో లోలోపలే మొదలుపెడతాను. వినడానికి ఆమె లేదని గుర్తొచ్చేలోపు సగం చెప్పేసి ఉంటాను.