మణికొండలో మాడిన కొండ

ఆ రోజుల్లో మా ఆఫీసుల వైపు ఎవరిని చూసినా మెడ వెనక్కి వాల్చి పైకి చూసేవాళ్ళే. లేస్తున్న అద్దాల మేడలు, వాటి నెత్తిన క్రేన్లు, కొత్తగా హైటెక్ సిటీ దాకా వచ్చిన మెట్రో, అన్నీ పైనే ఉండేవి. ఉద్యోగాల్లో అప్పుడే చేరిన కుర్రాళ్ళం కూడా పైకెదగడం గురించే మాట్లాడుకునేవాళ్ళం. నేనొక్కణ్ణే ఎందుకో కిందికి చూడటం మొదలుపెట్టాను. ఆఫీసు పార్కింగు పక్కనున్న గడ్డిలో బోర్లా పడుకుని చీమ ఏం మోసుకెళ్తోందో చూసేవాణ్ణి. (సెక్యూరిటీ ఆయన మొదటిసారి చూసినప్పుడు నాకు ఫిట్స్ వచ్చాయనుకుని పరుగెత్తుకొచ్చి తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నుంచి నన్ను చూస్తే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.)

ఈ పిచ్చి అంటించింది నంద్యాలలో ఉండే మా మామ. ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. అందరూ ఫోన్లలోనే ఫోటోలు తీసుకోవడం మొదలయ్యాక దాన్ని జిరాక్సు షాపు చేసేశాడు. వెనక చీకటి గదిలో మాత్రం పాత ఎన్‌లార్జరు అట్లాగే నిలబడి ఉండేది. ఫిల్ము మీద చిన్నగా ఉన్న బొమ్మను పెద్ద కాగితం మీదికి దించే యంత్రమది. ఒకసారి సెలవులకు పోయినప్పుడు మామ దాని మూతికున్న లెన్సును తిప్పి ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "ఏమబ్బీ, చిన్నదాన్ని పెద్దది చేసేది తప్ప దీనికి ఇంకో పని తెలీదు. కెమెరాకు తిరగేసి తగిలించుకో, చీమ కూడా ఏనుగైతాది" అన్నాడు. లెన్సు చూస్తే రసగుల్లా అంత ఉంది. "దీన్ని కెమెరాకు ఎట్లా తగిలించేది మామా?" అంటే, "అది నన్నడుగుతావేమి? సాఫ్ట్‌వేరు నువ్వు గదా" అన్నాడు.

సాఫ్ట్‌వేరుకూ దానికీ ఏ సంబంధమూ లేదని మణికొండలో మా ఫ్లాటుకు వచ్చాక తెలిసింది. ఆ లెన్సు ఏ కెమెరాకూ సరిపోదు. ఏవేవో రింగులు తెప్పించి, అవి చాలక మధ్యలో బంగాళాదుంప చిప్స్ డబ్బా ఇరికించి, వెలుతురు దూరకుండా లోపల నల్ల కాగితం, బయట కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు చుట్టాను. నా రూమ్మేట్ సిద్దిపేటోడు దాన్ని చూసి, "గిదేందిరా, బోరుమోటరు లెక్కున్నది?" అన్నాడు. ఫోకసు కోసం తిప్పడానికి దానికి ఏమీ ఉండదు. కెమెరా మొత్తాన్నీ ముందుకూ వెనక్కూ జరుపుకోవాలి. వెంట్రుకవాసి కదిలితే చీమ కన్ను మాయమై మీసం వస్తుంది. ఊపిరి బిగపట్టి, ఒళ్ళంతా కర్రలా చేసుకుని తీస్తే, వందలో ఒక్కటి బాగా వచ్చేది. కానీ ఆ ఒక్కటి వచ్చినప్పుడు చూడాలి! చక్కెర పలుకు గాజుబండలా, టవలు అడవిలా, ఈగ కన్ను తేనెపట్టులా కనపడుతుంటే, అద్దెకున్న రెండు గదుల ఫ్లాటు నాకు ఒక దేశమంత పెద్దదైపోయేది.

ఒక ఆదివారం పొద్దున సిద్దిపేటోడు పొయ్యి మీద పాలు పెట్టి, తనకు చూస్తున్న అమ్మాయి నుంచి మొదటిసారి ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్ళాడు. అమ్మాయి బాగా మాట్లాడుతుందని పొగ రేగేదాకా మాకు అర్థం కాలేదు. పాలు ఇంకి, మాడి, గిన్నె అడుగున నల్లగా గోధుమరంగుగా పొరలు పొరలుగా లేచి, నెర్రెలిచ్చి అంటుకుపోయాయి. సిద్దిపేటోడు నీళ్ళు పోయబోతుంటే ఆపాను. కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడుతోంది. బోరుమోటరు గురిపెట్టి చూశాను. ఎంత అందమైన కొండలండీ! నల్లటి శిఖరం, దాని పక్కన నీడ నిండిన లోయ, దూరంగా మంచు పట్టినట్టు మీగడ తెల్లదనం. మధ్యాహ్నం దాకా వంటింటి బండ మీదే పడుకుని తీశాను. ఆ గిన్నె కడగొద్దని ఇంట్లో శాసనం చేశాను. మా ఇంట్లో గిన్నెలు తోమే అక్క (ఆమె పేరు మాకు గిన్నెలక్కే) రోజూ దాన్ని చూసి, "అన్నా, దీన్నిట్ల ఎన్నొద్దులు వెడ్తరు? అడిగినోళ్ళకు నేనేం జెప్పాలె?" అని బాధపడేది.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఫోటోల పోటీ పెట్టారు. 'మన చుట్టూ ప్రకృతి' అని అంశం. తీసిన చోటు కూడా రాయమన్నారు. నేను గిన్నె ఫోటో పంపించి, నిజాయితీగా 'మణికొండ' అని రాశాను. ఆ నిజాయితీయే కొంప ముంచింది.

ఫోటోకు మొదటి బహుమతి వచ్చింది. దాన్ని తలుపంత పెద్దదిగా అచ్చువేయించి మా అంతస్తులో గోడకు పెట్టారు. మా డివిజను మొత్తానికి పెద్దయిన మేడమ్ కాఫీ కప్పుతో వచ్చి దాని ముందు నిలబడిపోయారు. "అబ్బ, ఎంత మంచిగుంది! మణికొండ దగ్గర ఇట్లాంటి గుట్ట ఉందా?" అన్నారు. పక్కనే మా మేనేజరు ఉన్నారు. ఆయన్ని మేం ట్రెక్కింగ్ సార్ అనేవాళ్ళం. కాకినాడ వైపు మనిషి, చాలా మంచివాడు, కానీ ఆఫీసుకు కూడా కొండలెక్కే బూట్లతోనే వచ్చేవాడు. ఎవరు ఏ కొండ పేరెత్తినా ఆయన అప్పటికే ఎక్కేసి ఉండేవాడు.

"లేకేమండీ మేడమ్, మణికొండ వెనకాలే. మొన్న చలికాలంలో ఎక్కాను కదా," అన్నాడాయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "ఆ కుడిపక్క లోయ కనిపిస్తోంది చూశారూ, రాత్రి అక్కడే టెంటు వేశామండీ. గాలి, బాబోయ్, మనిషిని లేపేస్తుంది!"

"మేడమ్, అది పాలు..." అని మొదలుపెట్టాను.

"పాలపిట్టలా? పాలపిట్టలు కూడా ఉంటాయా అక్కడ?" అన్నారు మేడమ్ సంబరంగా.

"బోలెడు!" అన్నాడు సార్.

ఇంకేముంది, వచ్చే శనివారం టీమంతా ఆ గుట్టకే పోవాలని మేడమ్ అక్కడికక్కడే తేల్చేశారు. దారి చూపించేది ట్రెక్కింగ్ సార్. నేనప్పటికింకా ప్రొబేషన్లో ఉన్నాను. నన్ను ఉంచాలా పంపాలా అని రాయాల్సింది ఆ సారే. ఆయన్ని అందరి ముందూ అబద్ధాలకోరును చేసి నేను బాగుపడేదేముంది? ఒంటరిగా దొరికితే చెబుదామని ఆ వారమంతా ఆయన వెనకాలే తిరిగాను. నేను నోరు తెరిస్తే చాలు, ఆయన మోగని ఫోను తీసి చెవికి పెట్టుకునేవాడు. అప్పుడు నాకర్థం కాలేదు కానీ, ఎక్కని కొండ గురించి ఎక్కడ ఏం అడుగుతానో అని ఆయన నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. శుక్రవారం సాయంత్రం అందరికీ ఒక కబురు పంపాడు: "రేపు పొద్దున ఫోటో తీసిన కుర్రాడి ఫ్లాటు దగ్గర కలుద్దాం, అక్కణ్ణించి దగ్గర."

శనివారం పొద్దున అందరికంటే ముందు ఆయనే వచ్చాడు. వీపున సంచి, నెత్తిన టోపీ, చేతిలో కర్ర. సోఫా అంచున కూర్చుని, గొంతు తగ్గించి, "ఏవయ్యా, ఈ మధ్య కొత్త రోడ్లు వేసి దారులన్నీ మార్చేశారు కదా. నువ్వు ముందు నడు, నేను వెనకాల వస్తాను. ఇక్కణ్ణించి ఎంత దూరం?" అన్నాడు.

"హాలు దాటితే చాలు సార్."

"హాలు దాటితే? అంటే వంటింటి కిటికీలోంచి కనపడుతుందా?"

"పొయ్యి మీద కనపడుతుంది సార్."

ఆయనకు అర్థం కాలేదు. ల్యాప్‌టాప్ తెరిచి ఫోటో చూపించాను. పక్కనే ఫోనుతో తీసిన గిన్నె ఫోటో చూపించాను. లెన్సు, చిప్స్ డబ్బా, టేపు, మామ, అన్నీ చెప్పాను. సార్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మరి ఆ లోయ?" అన్నాడు దీనంగా.

"మీగడ ఎక్కువై పగిలింది సార్."

"గుట్ట నాదే సార్," అన్నాడు లోపలి గదిలోంచి సిద్దిపేటోడు. "నేనే మాడవెట్టిన. గీడు ఉత్తగ ఫోటో దీసిండు గంతే."

కనీసం కళ్ళారా చూస్తానని సార్ లేచాడు. ముగ్గురం వంటింట్లోకి వెళ్ళాం. గట్టు మీద గిన్నె లేదు. సింకు పక్కన గిన్నెలక్క నిలబడి, తళతళా మెరిసే పాలగిన్నెను కొంగుతో తుడుస్తోంది. మమ్మల్ని చూసి గర్వంగా పైకెత్తింది. "సూడున్రి! సార్లొస్తుండ్రని పొద్దుగాలనే వచ్చిన. రుద్ది రుద్ది రెక్కలు వోయినయ్. అద్దం లెక్క జేసిన, మొఖం సూస్కోరి!" ముగ్గురం అందులో మొహాలు చూసుకున్నాం. మూడూ ఒకే రంగులో ఉన్నాయి.

అప్పుడే బెల్లు మోగింది.

తలుపు తీస్తే మేడమ్, వెనకాల టీమంతా. కొత్త బూట్లు, నీళ్ళ సీసాలు. మేడమ్ మెడలో దూరపు పిట్టలను చూడటానికి బైనాక్యులర్స్ కూడా ఉన్నాయి. "పోదామా? గుట్ట ఎటు సైడు?" అన్నారు. ఏదో ఒకటి చెప్పి నెపం నా మీద వేసుకుందామనే అనుకున్నాను. ఒళ్ళు నొప్పులని, వానొస్తుందని, గుట్ట పేల్చేశారని... అంతలో సార్ గిన్నెను రెండు చేతుల్లో పట్టుకుని హాలు మధ్యలోకి వచ్చాడు.

"మేడమ్, ఇదేనండీ ఆ కొండ," అన్నాడు. "నిన్నటి దాకా ఉంది. ఇందాకే తోమేశారు."

సార్ నుదుటి మీద చెమట కనపడుతోంది, కానీ ఆగలేదు. మాడిన పాలనీ, ఈ కుర్రాడు వాళ్ళ మామ లెన్సుతో తీశాడనీ, చెప్పబోయినా తానే వినలేదనీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు. మేడమ్ అంతా విని, గిన్నెను చేతిలోకి తీసుకుని లోపల చూసి, బయట చూసి, "మరి మీరు టెంటు వేసిందెక్కడ?" అన్నారు.

సార్ గిన్నె వంక చూశాడు. ఒక నిట్టూర్పు విడిచి, పిడి పక్కన వేలు పెట్టాడు. "ఇక్కడండీ."

ముందు నవ్వింది మేడమ్. ఆ నవ్వు చూసి మిగతావాళ్ళు, ఆఖరుకు సార్. గోడకు ఆనుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "గాలి కూడా బాగా వేసిందండీ!" అనేసరికి ఒకమ్మాయి నవ్వలేక కిందే కూర్చుండిపోయింది. మేడమ్ బైనాక్యులర్స్ తీసి బల్ల మీద పెట్టి, "ఇంత దూరం వచ్చినం, గుట్ట చూడకుండ పోయేది లేదు. పాలు తెప్పించండి" అన్నారు.

అట్లా ఒక ఐటీ కంపెనీ టీము మొత్తం శనివారం పొద్దున మా వంటింట్లో నిలబడి పాలు మాడబెట్టింది. సిద్దిపేటోడు పెద్దమేస్త్రి. "మంట జర తగ్గించున్రి మేడమ్, పరేషాన్ గావద్దు. గుట్ట లేవాలంటే ఓపిక గావాలె." ఎప్పుడూ మాడే పాలు ఆ రోజు మాడనంటే మాడనన్నాయి. సార్ గరిటె పట్టుకుని పసిపిల్లవాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. గిన్నెలక్క గడపలో నిలబడి చెంపలు వేసుకుంది. "ఇంతమంది సదువుకున్నోళ్ళు గలిసి పాలు మాడవెట్టుడేంది? నేను మళ్ళ తోమ, ముందే చెప్తున్న." ఆఖరుకు పొగ లేచింది, గిన్నె ఆరింది, నేను బోరుమోటరు గురిపెట్టి ల్యాప్‌టాప్‌కు వైరు కలిపాను. తెర మీద కొండలు లేస్తుంటే అందరూ పిల్లల్లా అరిచారు. తర్వాత ఎవరి వస్తువు వాళ్ళు చూపించమన్నారు. మేడమ్ చున్నీ అంచు, ఒకరి వేలిముద్ర, ఉప్మా రవ్వ. గిన్నెలక్క కూడా దగ్గరికొచ్చి, తన స్టీలు పీచు తీగలు పాముల్లా మెలికలు తిరిగి కనపడుతుంటే, "అమ్మో, రోజు గీదాన్నా నేను వట్టేది!" అని పీచును సింకులో పారేసింది.

సోమవారం సార్ నన్ను పిలిచి ప్రొబేషన్ అయిపోయిందన్నాడు. "కొండల మీద పట్టున్న కుర్రాడని రాశానయ్యా" అని కన్నుకొట్టాడు. ఆ తర్వాత ఆయన ఏ కొండ పేరెత్తినా టీమంతా, "పిడి పక్కనా సార్?" అనేది. ఆయనే అందరికంటే ముందు నవ్వేవాడు.

ఇప్పుడు నేను నల్లగండ్లలో ఉంటున్నాను. చిన్నవి తీయడానికే చేసిన పద్ధతైన మాక్రో లెన్సు కొనుక్కున్నాను, దానంతటదే ఫోకసు చేసుకుంటుంది, ఊపిరి బిగపట్టే పనే లేదు. ఆ టీములో వాళ్ళంతా తలా ఒక కంపెనీకి వెళ్ళిపోయారు. ఆ శనివారం మా ఇంటి నుంచి అందరూ బయల్దేరే ముందు మేడమ్ గ్రూపు ఫోటో తీయమన్నారు. "ఈ లెన్సుకు మనుషులు కనపడరు మేడమ్, జానెడు దూరంలో ఉన్నదే కనపడుతుంది" అన్నాను. ఏం చేయాలో తోచక, ఒక చెంచాను నీళ్ళలో ముంచి పట్టుకోమని సార్‌కు ఇచ్చాను. ఆయన చెయ్యి చాపి పట్టుకున్నాడు. చెంచా అంచున ఒక నీటిచుక్క వేలాడింది. అందరూ దాని వెనకాల నిలబడ్డారు. ఆ చుక్కలోకి చూసి తీశాను.

మొన్న పాత డిస్కులో ఆ ఫోటో దొరికింది. చుక్కలో తలకిందులుగా, బియ్యపు గింజంతేసి మనుషులు: మేడమ్, సార్ టోపీ, సిద్దిపేటోడి చేతిలో గిన్నె, గడపలో గిన్నెలక్క. అందరూ నవ్వుతున్నారు. నేను అందులో లేను. వంటింటి బండ మీద బోర్లా పడుకుని, చిప్స్ డబ్బాకు కన్ను ఆనించి, ఊపిరి బిగపట్టి నేనెట్లా ఉన్నానో ఆ నవ్వుల్ని బట్టే ఊహించుకోవాలి. వాళ్ళంతా చూసి నవ్వుతున్నది ఆ కుర్రాణ్ణే.